బార్బరా కొమ్మ

“ఈసారి నిద్రపోకు” అన్నాడు చాన్సలర్ గ్రూనిగ్.

ఆ మాట ఎందుకన్నాడో అపోలోనియాకి తెలుసు. రెండేళ్ల కిందట హోల్డరెక్ కోటలో, పాలదాది వేషంలో, వారసుడి ఊయల పక్కన కాపలా కూర్చున్న ఏజెంట్ తనే. పట్టపగలు, కాసేపు కన్ను మూతపడింది. తెరిచేసరికి ఊయల ఊగుతూనే ఉంది. ఊపేవాళ్లు మాత్రం లేరు. మూణ్ణెల్ల పసివాడు వోల్ఫ్ అందులో చల్లబడి ఉన్నాడు.

తెల్ల ముసుగామె తీసుకుపోయిందన్నారు కోటలో వాళ్లు. ఆ వంశంలో ఎప్పుడో చనిపోయిన ఒకావిడ వసారాల్లో తిరుగుతుందని వాళ్ల నమ్మకం. ఊళ్లో వాళ్లు ఇంకో మాట అన్నారు. దాది పాలే మంచివి కావన్నారు.

అప్పటినుంచీ అపోలోనియాకి కిర్రు కిర్రుమని ఊయల చప్పుడు వినిపిస్తూనే ఉంది. రొట్టెల అంగడిలో వినిపిస్తుంది. చర్చిలో కీర్తన మధ్య వినిపిస్తుంది. ఇప్పుడు, ఈ చాన్సలర్ గదిలో కూడా.

“వింటున్నావా?”

“వింటున్నానయ్యగారూ.”

“వేసవిలో దొర హంగరీలో తురకల మీద యుద్ధంలో పోయాడు. ఆయన పోయాక పుట్టినవాడు ఈ రెండో కొడుకు. పేరు యోస్ట్. వయసు ఐదు వారాలు. చక్రవర్తి తరఫున ప్రాగ్ నుంచి కమిషనర్ వస్తున్నాడు. బిడ్డ ప్రాణంతో ఉండగా నెత్తిన చెయ్యిపెట్టి చూశాడా, ఈ సీమ బిడ్డది. ఆలోపు బిడ్డకి ఏమన్నా అయిందా...”

“దాయాది దొరది.”

“ఆ దాయాది పోపు పక్షం. దొర ఏ మతమో సీమంతా అదే మతం, చట్టమంతే. మన ప్రొటెస్టెంట్ పాస్టర్లు నెల తిరక్కుండా పొలిమేర దాటాలి. మతం మారనన్న ప్రతివాడూ వాళ్ల వెనకాలే, మంచులో, పిల్లల్ని చంకనేసుకుని. పదకొండు వేల గడపలు అపోలోనియా! ఒక్క ఊయల తాడుకి వేలాడుతున్నాయి.”

గ్రూనిగ్ ఒక కాగితం ముందుకి తోశాడు. బ్రస్సెల్స్ నుంచి గాజుసామాను అమ్మేవాళ్లలా వచ్చి ఊళ్లో దిగిన ఒక ముఠా దగ్గర, వాళ్లకి తెలియకుండా నకలు తీసిన ఉత్తరం అది. కోడ్ విప్పిన మాటలు కింద రాసి ఉన్నాయి.

*సెయింట్ బార్బరా పండుగనాడు, మధ్యాహ్నం గంట మోగేలోపు, ఊయల చప్పుడు ఆగాలి.*

“ఎవరి బార్బరా అయ్యగారూ?” అంది అపోలోనియా.

అడగాల్సిన ప్రశ్నే. పన్నెండేళ్ల కిందట పోపు కొత్త క్యాలెండర్ తెచ్చి పది రోజులు మింగేశాడు. వాళ్ల పండుగలన్నీ మనకంటే పది రోజులు ముందే వచ్చిపోతాయి. మన ప్రభువులు పోపు చెప్పాడు కాబట్టి సూర్యుణ్ణి కూడా నమ్మం అన్నారు. రెండు ఊళ్ల మధ్య ఏటికి ఈ ఒడ్డున క్రిస్మస్, ఆ ఒడ్డున మామూలు మంగళవారం.

“మనదే. కోడ్ విప్పింది కోటలో ఉన్న మన మనిషి కోర్డూలా. ఉత్తరం మన ఊరివాడికి రాసింది, కాబట్టి మన లెక్కేనని తేల్చింది. ఇవాళ నవంబరు ఇరవై. మన బార్బరా డిసెంబరు నాలుగు. ముందురోజుకి ఇరవైమంది తుపాకీవాళ్లు దిగుతారు. అంతవరకు నువ్వు చూసుకో. ఆ గదిలో ఏ పలక చప్పుడు చేస్తుందో నీకంటే తెలిసినవాళ్లు లేరు.”

“దొరసాని నన్ను గుర్తుపడితే?”

“పట్టకుండా చెయ్యడం నీ పని.”

అక్రోటు తొక్కల రసంతో ముఖం నల్లబరిచింది. దవడల్లో మైనం ముద్దలు పెట్టుకుంది. వీపు మీద గుడ్డమూట కట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ల అపోలోనియా బాలింతల్ని చూసుకునే అరవై ఏళ్ల మంత్రసాని అయిపోయింది. జేబులో ఆయుధం ఒక్కటే. రెండు చిప్పలూ మళ్లీ అతికించిన అక్రోటు కాయ. లోపల మిరియాల పొడి, బూడిద.

కోట మెట్ల దగ్గరే కోర్డూలా ఎదురైంది. చాన్సలర్ మనుషుల్లో అందగత్తె అంటే ఆమే. రాగిరంగు జుట్టు, ముత్యాల వల, నడిస్తే లవంగాల వాసన. ఆమె భోజనాల గదిలోకి వస్తే మగవాళ్ల చెంచాలు నోటి దారి మర్చిపోయేవి. దొరసానికి చెలికత్తెగా మూడేళ్లబట్టి కోటలోనే ఉంది.

“కొంగ వచ్చిందా?” అంది కోర్డూలా పెదవి కదలకుండా. కోడ్‌వర్డ్.

“వచ్చింది. ముక్కు ఖాళీ” అంది అపోలోనియా.

“అబ్బ, ఎంత ముసలైపోయావే! రెండేళ్లకే ఇంత దిగులా?” కోర్డూలా నవ్వింది. “పద. ఈసారి ఇద్దరం ఉన్నాం. భయమేం లేదు.”

దొరసాని సిబిల్లాకి పంతొమ్మిదేళ్లు. దాదిని పెట్టుకోనని పట్టుబట్టి బిడ్డకి తానే పాలిస్తోంది. రాణివాసాల్లో ఎక్కడా లేని పని. మొదటి రోజే మంత్రసానితో అంది, “అవ్వా, వాడు ఊపిరి పీలుస్తున్నాడా చూడు.”

“పీలుస్తున్నాడమ్మా.”

“మళ్లీ చూడు.”

అపోలోనియా బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చగా, తడిగా, పిచ్చుక రెక్కంత గాలి. ఆ వేలు తీసెయ్యబుద్ధి కాలేదు.

“మొదటివాణ్ణి ఒక దాది పొట్టన పెట్టుకుంది” అంది దొరసాని, గోడవైపు తిరిగి. “దానికి నిద్రొచ్చిందట. నాకు రెండేళ్లయింది నిద్రపోయి. అది ఎక్కడో హాయిగా పడుకుని ఉంటుంది కదూ?”

“లేదమ్మా” అంది అపోలోనియా. మైనం అడ్డుపడి మాట ముద్దగా వచ్చింది.

నాలుగు రోజులు పొగమంచు. కోట చుట్టూ లోకమే లేనట్టుంది. వసారాలో తెల్ల ముసుగు కనబడిందని పనివాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. పట్టపగలే కనబడిందట. “కాళ్లు లేవే దానికి!” అంది వంటింటి బ్రిగిట్టా. “కాళ్లు చూసేదాకా నిలబడ్డావంటే నువ్వే గొప్పదానివి” అని ఎవరో వేళాకోళం చేశారు. కానీ నవ్వినవాళ్లు కూడా ఆ వసారా వైపు నీళ్లు మొయ్యడం మానేశారు. అపోలోనియా నవ్వలేదు. కూర్చునే కునికిపాట్లు పడింది. కన్ను మూస్తే కిర్రు కిర్రు, తెరిస్తే ఊయల కదలకుండా ఉండేది.

ఐదో రోజు, నవంబరు ఇరవై నాలుగు. మధ్యాహ్నం గంటకి ఇంకా పావుగంట ఉంది. కోర్డూలా తన చేతులతో బీరు పోసి కాచిన చారు తెచ్చి దొరసానికి తాగించింది.

“చలిగా ఉంది” అంది దొరసాని, కళ్లు మత్తుగా వాలుతుంటే. “కోర్డూలా, నీకు ఉన్ని శాలువా ఉందిగా? అవ్వా, ఆవిడ గదిలోంచి తెచ్చిపెట్టు.”

కోర్డూలా ఒక్క క్షణం ఆగింది. తర్వాత నవ్వింది. “పెట్టె మీదే ఉంది. నిదానంగా రా అవ్వా, మెట్లు జారతాయి.”

కోర్డూలా గది అవతలి బురుజులో. శాలువా పెట్టె మీదే ఉంది. అపోలోనియా అందుకుని తిరగబోతూ కిటికీ వైపు చూసింది.

మట్టి కూజా. నీళ్లు. అందులో చెర్రీ కొమ్మ ఒకటి. ఏటవాలుగా కోసిన చోట ఇంకా పచ్చిగా, తడిగా ఉంది. ఇవాళ పొద్దున కోసిందే.

మొదట ఆమెకు ముద్దొచ్చింది. చిన్నప్పుడు తనూ పెట్టేది. బార్బరా పండుగ పొద్దున చెర్రీ కొమ్మ కోసి నీళ్లలో పెడితే, క్రిస్మస్‌కి పూస్తే, ఆ ఏడు ఇంటికి శుభం. ఎంత డాబుసరి మనిషైనా ఈ ముచ్చట మానలేదన్నమాట...

ఆ మురిపెం అక్కడే ఆగిపోయింది.

బార్బరాకి ఇంకా పది రోజులుంది. ముందు కోస్తే అరిష్టమని పసిపిల్లలకి కూడా తెలుసు. ముందు కొయ్యరు ఎవరూ. ఇది కోసిన చేతికి బార్బరా ఇవాళే.

కోర్డూలా పేరు కూడా మార్చుకునే ఉంటుంది. మన కీర్తనలు నేర్చుకుంది. మూడేళ్లు మన చర్చిలో మోకరిల్లింది. ఏడేళ్లప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని నేర్పిన పని మాత్రం, ఇవాళ పొద్దున లేవగానే చేసేసింది. డబుల్ ఏజెంట్! ఉత్తరం కోడ్ విప్పింది ఆమే. అది మన బార్బరా అని చెప్పింది ఆమే. తుపాకీవాళ్లు ఇంకా తొమ్మిది రోజుల దూరంలో ఉన్నారు.

అపోలోనియా శాలువా అక్కడే పడేసి పరుగెత్తింది.

వసారాలో పొగమంచు. తలుపులన్నీ లోపలి నుంచి గడియలు. ఆ చివర, ఊయల గది ముందు, తెల్ల ముసుగు.

అది నెమ్మదిగా నడుస్తోంది. కాళ్లు కనబడలేదు. ఆ వెనకాలే కిర్రు... కిర్రు...

అపోలోనియా పరుగు ఆపింది. రెండేళ్లుగా ఎవరికీ చెప్పని భయం. నిజంగా ఆమే అయితే? ఆ రోజు వచ్చింది ఆమే అయితే, తనలాంటి మనిషి ఏం చెయ్యగలదు? ముసుగు గుమ్మంలోకి జారి మాయమైంది. గాలి ఇటు వీచింది.

లవంగాల వాసన.

దయ్యం లవంగాలు పూసుకోదు. పనివాళ్లని దూరం ఉంచడానికి వేసిన వేషం ఇది. అపోలోనియా గుమ్మంలోకి దూకింది.

దొరసాని సోయి లేకుండా పడి ఉంది. కోర్డూలా ముసుగు వెనక్కి వేసుకుని ఊయల మీదకి వంగింది. చేతిలో చిన్న గుడ్డమూట. ఏడ్చే పిల్లలకి రొట్టెపొడి, తేనె కట్టి నోట్లో పెట్టే చప్పరింపు మూట. దానినిండా నల్లమందు. బిడ్డ పెదాలు అప్పుడే తడిశాయి.

అపోలోనియా ఒక్క గుంజు గుంజింది. మూట వెళ్లి గోడకి తగిలింది.

కోర్డూలా వెనక్కి తగ్గలేదు. నడుముకి వేలాడే కీర్తనల పుస్తకం తెరిచింది. అందులో పేజీలు లేవు. సన్నటి కత్తి ఉంది.

“వచ్చావా? మెట్లు జారలేదా?” గొంతు తీయగానే ఉంది. “ఎందుకే ఈ అవస్థ? వోల్ఫ్ కూడా ఇలాగే, చప్పుడు లేకుండా పోయాడు. రెండేళ్లు నీ పాలను నువ్వే తిట్టుకున్నావట కదా? పిచ్చిదానా, ఆ రోజు నువ్వు నిద్రపోలేదు. నీ చారులో మందు కలిపి నేనే నిద్రపుచ్చాను.”

ఆ మాటతో అపోలోనియా కుప్పకూలుతుందనుకుంది కోర్డూలా. అదే ఆమె చేసిన రెండో పొరపాటు.

అపోలోనియా చేతిలో అక్రోటు పగిలింది. మిరియాలు, బూడిద సూటిగా ఆ అందమైన కళ్లలో. కోర్డూలా కేక వేసి, తుమ్ముతూ, గుడ్డిగా కత్తి విసిరింది. అది చటుక్కున వంగిన అపోలోనియా వీపు మీద గుడ్డమూటలో దిగి అక్కడే ఇరుక్కుంది. మరుక్షణం ముసుగు కోర్డూలా చేతులకు తాడైంది, మంచం కోడు గుంజైంది.

అప్పుడు మధ్యాహ్నం గంట మోగింది.

బిడ్డ చప్పుడు చెయ్యడం లేదు.

అపోలోనియా వాణ్ణి ఎత్తుకుంది. కళ్లు మూతలు పడుతున్నాయి. నోట్లో వేలు పెట్టి ఉన్నదంతా తుడిచేసింది. చన్నీళ్ల గుడ్డతో ముఖం తుడిచింది. అరికాళ్ల మీద వేలితో కొట్టింది. “ఏడు నాన్నా. ఏడు. నీకు దణ్ణం పెడతా, ఒక్కసారి ఏడు.” మళ్లీ కొట్టింది. దవడల్లో మైనం ఊడి కింద పడింది. నల్లరంగు చారలు చారలుగా కారింది. “ఏడవరా! నాకు నిద్రొద్దు, నువ్వూ పోవద్దు, ఏడవరా నా తండ్రీ!”

యోస్ట్ మొహం ముడిచాడు. ఊపిరి లాగాడు. లాగుతూనే ఉన్నాడు, కోటలో గాలంతా తనకే కావాలన్నట్టు. ఆ తర్వాత ఏడ్చాడు.

గడియలన్నీ తెరుచుకున్నాయి. తెల్ల ముసుగామెకి భయపడి దాక్కున్నవాళ్లంతా ఆ ఏడుపుకి పరుగెత్తుకొచ్చారు. కోర్డూలా కోసం కోట వాకిట్లో బండి కట్టుకుని కూర్చున్న గాజుసామాను బేరగాళ్లని వంటింటి బ్రిగిట్టా ముందుండి, గరిటెలతో, పట్టించింది.

మగతలోంచి లేచిన దొరసాని తన బిడ్డ ఎవరి చేతుల్లో ఉన్నాడో చూసింది. మంత్రసాని ముఖం లేదు. ఆ ముఖం. రెండేళ్లుగా పీడకలల్లో చూస్తున్న ముఖం.

“నువ్వా!”

“నేనేనమ్మా” అంది అపోలోనియా. “నా పాలు కాదమ్మా. నా పాలు కాదట.”

దొరసాని మంచం కోడుకి కట్టి ఉన్న కోర్డూలాని చూసింది. గోడ కింద తడిమూటని చూసింది. చెయ్యి చాపింది, బిడ్డ కోసం కాదు, అపోలోనియా గౌను అంచు కోసం. గట్టిగా పట్టుకుంది.

“సాయంత్రందాకా వాణ్ణి నిద్రపోనివ్వకు” అంది. “ఇద్దరం ఏడిపిద్దాం.”

మర్నాడే కమిషనర్ దిగాడు. ఆయన లెక్కలో అది డిసెంబరు ఐదు. నెత్తిన చెయ్యి పెట్టగానే యోస్ట్ గుక్కపట్టాడు. కమిషనర్ చెవులు మూసుకుని, ‘వారసుడు ప్రాణంతో ఉన్నాడు, సందేహం లేదు’ అని రిపోర్ట్ రాసుకుని వెళ్లిపోయాడు.

చెర్రీ కొమ్మని పారెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. కూజాతో సహా ఊయల గది కిటికీలో పెట్టారు. పోపు వాళ్ల క్రిస్మస్ నాడు చాన్సలర్ పనిగట్టుకుని వచ్చి చూశాడు. ఉత్త పుల్ల. మళ్లీ పది రోజులకి, మన క్రిస్మస్ పొద్దున, అపోలోనియాకి కిర్రుమని చప్పుడు వినిపించింది. ఉలిక్కిపడి తిరిగింది. ఊయల నిజంగానే ఊగుతోంది. లోపల యోస్ట్ కాళ్లు తన్నుతున్నాడు. వాడి పైన, కొమ్మ నిండా తెల్లటి పూలు.

గ్రూనిగ్ కళ్లద్దాలు సర్దుకుని పూలకేసి చూశాడు.

“కోసింది వాళ్ల లెక్కలో, పూసింది మన లెక్కలో” అన్నాడు. “రాసుకో అపోలోనియా. ఈ ఏడాది మన మతంలోకి వచ్చింది ఇదొక్కటే.”