అతిమధురం తాగిన కోడి

1979 మార్చిలో ఆళ్లగడ్డలో ఒకే వారం రెండు హత్యలు జరిగాయి. హతులిద్దరూ కోళ్ళు.

హైదరాబాదులో బాస్ ఆ మాట చెప్పినప్పుడు ఏజెంట్ నరసింహులు నవ్వలేదు. ఆ గదిలో నవ్వినవాళ్ళకు ట్రాన్స్‌ఫర్లు వస్తాయి.

"జీవమ్మ, స్కూల్ టీచరు. కొక్కెర తెగులు తగిలిన కోళ్ళకు అతిమధురం వేరు కషాయం పట్టింది. మూడు బతికాయి. వాటి రక్తం మన ల్యాబ్‌కు చేరితే మందు పనిచేసినట్టు రుజువు. ఒక విదేశీ ముఠా ఆ రుజువును తుడిచేసి, మందును తన పేరుతో అమ్ముకోవాలని చూస్తోంది. రెండిటి మెడలు విరిచారు. మిగిలింది ఒకటే."

"నా కవర్?"

"పాస్టరు. డాక్టరైతే ముఠాకు అనుమానం వస్తుంది. అది క్రైస్తవుల వీధి, పాస్టరును ఎవరూ ఆపరు."

నరసింహులు అవుకులో తిరునామాలు పెట్టుకునే రైతుల ఇంట పుట్టినవాడు. రెండు రోజుల్లో మూడు కీర్తనలు బట్టీపట్టి, తెల్ల లాల్చీ తొడిగి, థర్మాస్ ఫ్లాస్కు భుజాన వేసుకున్నాడు. పైన వేడి కాఫీ. అడుగు మర తిప్పితే మంచుముక్కలు, సిరంజి, గాజు గొట్టం.

నంద్యాల బస్టాండులో డిపార్ట్‌మెంట్ లోకల్ కాంటాక్ట్ అరుణకుమారి ఎదురుచూస్తోంది. నల్ల కళ్ళద్దాలు, నీలం షిఫాన్ చీర. బస్టాండంతా ఆమెనే చూస్తోంది.

"కుందూలో నీళ్ళుండాయా?" అన్నాడు.

"మోకాలి లోతు."

కోడ్ సరిపోయింది. ఆమె బొటనవేలితో గోలీసోడా టక్కున కొట్టి అందించింది. ఎండలో ఆ చప్పుడుకే ప్రాణం లేచివచ్చింది. తాను కారులో ముందు వెళ్ళి జీవమ్మ ఇంట్లోవాళ్ళకు చెబుతాననీ, అతన్ని బస్సులో రమ్మనీ అంది. మంచి ఏర్పాటే అనుకున్నాడు.

జీవమ్మ ఇంటికి చేరేసరికి వాకిలి ఊడ్చి మంచం వేసి ఉంది. లోపలి నుంచి నూరిన మసాలా వాసన. ఆమె భర్త మత్తయి బండమీద కత్తి నూరుతున్నాడు. పక్కన గంప కింద ఎర్రకోడి. గడపలో జీవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అరుణకుమారి స్తంభానికి ఆనుకుని నవ్వుతోంది.

నరసింహులుకు అంతా అర్థమైంది. ఇంటికి పాస్టరు వస్తే కోడి కోస్తారు. ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి బాస్‌కు తెలియదు. అరుణకుమారి ముఠా మనిషి; ఆమె చేసిందల్లా పాస్టరయ్యగారు వస్తున్నారని చెప్పడమే. రక్తం తీయడానికి డాక్టరు వస్తాడనుకున్న జీవమ్మ, అయ్యగారికి కోయొద్దని ఏ నోటితో అనగలదు?

"కూసోండి అయ్యగారూ, బేగా అయిపోతాది," అన్నాడు మత్తయి.

"నలభై దినాల ఉపవాసంలో ఉండానప్పా. నీసు ముట్టను."

"మొన్న ఆదివారం మా ఇంట్లో రెండు కాళ్ళూ మీకే ఏస్తిమి గదయ్యా," అంది అరుణకుమారి.

గోడల మీదుగా చూస్తున్న వీధంతా నవ్వింది. మత్తయి మొహం మాడింది. "మా ఇంట్లో తినకుండా పోతే ఈదిలో మాకు మర్యాద యాడుంటాది?" కోడి రెక్కలు కాలికింద తొక్కిపెట్టి కత్తి ఎత్తాడు.

నరసింహులు అతని మణికట్టు పట్టుకున్నాడు.

"కోసింది నాకప్పా. పానంతో ఇచ్చింది దేవునికి."

కత్తి ఆగింది. మత్తయి కోడి మీద నుంచి కాలు తీశాడు. అరుణకుమారి చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. పిస్టల్ బయటికి వచ్చేలోగా వేడి కాఫీ ఆమె మణికట్టు మీద పడింది. వీధి చివర డిపార్ట్‌మెంట్ ముందే నిలిపిన మఫ్టీ పోలీసుల జీపు సిద్ధంగా ఉంది.

"మేం సంపాలనుకునింది మూడు కోళ్ళనే," అంది ఆమె జీపెక్కుతూ. "నీ డిపార్ట్‌మెంటోళ్ళు ఏం జేస్తారో సూడు."

రక్తం ల్యాబ్‌కు చేరింది. రుజువు దొరికింది. పది రోజులకు నరసింహులు, ఈసారి ప్యాంటూ షర్టులో, టాప్ సీక్రెట్ ముద్ర వేసిన కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఆ కషాయం ఇకమీదట దేశ రహస్యం. జీవమ్మ ఎవరికీ చెప్పకూడదు, ఎవరి కోళ్ళకూ పట్టకూడదు.

ఆమె రెండుసార్లు చదివింది.

"పక్కింటి రాములమ్మ కోళ్ళు పొద్దున్నించి తూగుతాండాయి సారూ. ఒక గలాసు పోసేది గూడా తప్పేనా?"

"తప్పే, టీచరమ్మా."

"అయితే ఎవురికోసరం కాపాడితిరి?"

అతను పెన్ను మూత తీసి ఇచ్చాడు. ఆమె సంతకం చేసింది. గోడ అవతల రాములమ్మ కోళ్ళను పేరుపెట్టి పిలుస్తోంది.

ఆ మందును జీవమ్మ నుంచి లాక్కోవడానికి విదేశీ ముఠా రెండు హత్యలు చేసింది. డిపార్ట్‌మెంట్‌కు ఒక సంతకం సరిపోయింది.