తథాస్తుకి కత్తెర

“ఈ చిలక ఎందుకుంది?”

కొత్తగా చేరిన స్ట్రాటజీ మేనేజరు అతనితో అన్న మొదటి మాట అది. ఆమె వేలు కంప్యూటర్ తెర మీద ఉంది. కళ్ళు మాత్రం అతని మీదే ఉన్నాయి.

“పిల్లల పళ్ళ డాక్టరు ఒకాయన అడిగారండీ. పన్ను పీకించుకున్న పిల్లలకి చూపించడానికి. నొక్కితే రెక్కలాడిస్తుంది.”

“మిగతా డాక్టర్లందరికీ ఉందా?”

“అబ్బే, ఒకాయన వద్దన్నారు. ఆయనకి చిలక లేకుండా వేరే కాపీ చేసిచ్చాను.”

“అంటే, ఎంతమంది డాక్టర్లుంటే అన్ని సాఫ్ట్‌వేర్లా?”

“దాదాపు అంతేనండీ,” అన్నాడు, మెచ్చుకుంటుందేమో అనుకుని.

ఆమె మెచ్చుకోలేదు. దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడింది.

పళ్ళ డాక్టర్లకి అపాయింట్‌మెంట్లు చూసిపెట్టే సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న కంపెనీ అది. అతను అక్కడ ప్రోగ్రామర్లందరికీ పెద్ద. ఎవరేమడిగినా “అవుతుందండీ” అనేస్తాడు కాబట్టి ఆఫీసులో తథాస్తు అని పేరు పడిపోయింది. ఆ మంచితనం పుణ్యమా అని, ఒక చిన్న తప్పు దిద్దాలన్నా ప్రతి కాపీలోనూ విడివిడిగా దిద్దాలి. టీమంతా పాతవాటికి మాట్లు వేస్తూ కూర్చుంటే కొత్త కస్టమర్లని చూసేదెవరు? కంపెనీ ఎందుకు ఎదగడం లేదో కనిపెట్టమని బాసు ఆమెని పిలిపించుకున్నాడు. కారణం మొదటిరోజే నవ్వుమొహంతో ఎదురొచ్చి నిలబడింది.

వారం తిరక్కుండా ఆమెకీ ఓ పేరొచ్చింది, కత్తెర. “అందరికీ ఒకటే సాఫ్ట్‌వేర్. నచ్చితే కొంటారు, లేకపోతే లేదు” అన్నది ఆమె ప్లాన్. ముందుగా ఎగిరిపోయింది చిలకే.

“పాపం, చిన్నపిల్లలండీ,” అన్నాడు తథాస్తు.

“పాపం, మీ టీమండీ. ఆ మూల కూర్చునే అమ్మాయి కళ్ళు చూశారా? నిద్రలేక ఎలా గుంటలు పడ్డాయో!”

అతను చూడలేదు. ఈమధ్య అతను చూస్తున్న కళ్ళు వేరే.

రోజూ కీచులాడుకునేవాళ్ళు. ఆమె సెలవు పెట్టిన రోజు అతనికి ఏ పనీ తోచేది కాదు. అది ప్రేమ అని ఆఫీసులో అందరికీ తెలుసు, ఆ ఇద్దరికీ తప్ప.

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ ఆఫీసు గుమ్మంలో ఇరుక్కుపోయారు. ఆమె చెయ్యి బయటికి చాపి చినుకులు పట్టుకుంటూ, మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది.

“వేరే ఊరి నుంచి పెద్ద కంపెనీవాళ్ళు పిలుస్తున్నారు. శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.”

“వెళ్ళిపోతారా?”

“నా ప్లాన్ నిలబడితే ఉంటాను. నిలబడకపోతే ఇక్కడ ఉండి ఏం చెయ్యను? చిలకల్ని పెంచనా?”

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆ క్షణం నుంచి శుక్రవారానికి ఇంకా ఎన్ని గంటలుందో లెక్కపెట్టుకోవడమే అతని పనైపోయింది.

బుధవారం పెద్ద మీటింగు. చాలా ఊళ్ళలో పళ్ళ ఆసుపత్రులున్న సంస్థ సాఫ్ట్‌వేర్ కొంటానంది. వాళ్ళు రాకపోతే టీములో సగంమందిని ఇంటికి పంపాల్సిందేనని బాసు అప్పటికే చెప్పాడు.

“మీరు నోరు తెరవద్దు,” అంది కత్తెర గుమ్మం దగ్గరే. “మాట్లాడాలనిపిస్తే నీళ్ళు తాగండి.”

తథాస్తు బుద్ధిగా నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. కానీ ఆ సంస్థ డైరెక్టరు, మెత్తగా మాట్లాడే పెద్దావిడ, కావాలనే అతని వైపు తిరిగింది.

“మా ఒక్కో బ్రాంచిది ఒక్కో పద్ధతి బాబూ. దేనికి దానికి వేరుగా చేసిపెట్టాలి. నెలాఖరుకి అవుతుందా?”

కత్తెర అతని వంకే చూస్తోంది. బాసూ చూస్తున్నాడు. టీములో సగంమంది మొహాలు అతని కళ్ళముందు మెదిలాయి. చేతిలో గ్లాసు ఖాళీ.

“అవుతుందండీ.”

బాసు లేచి నిలబడి చేతులు కలిపాడు. కత్తెర లాప్‌టాప్ మూసేసి బయటికి నడిచింది. అతను వెనకాలే పరిగెత్తాడు.

“కోపం వచ్చిందా?”

“లేదు,” అంది. “మీరు మంచివాళ్ళు. మంచివాళ్ళతో ఎలా వేగాలో నాకు తెలీడం లేదు.”

తిట్టినా బాగుండేది అనుకున్నాడు. మర్నాడు అతను వచ్చేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. బాసు గది తలుపు మూసి ఉంది. అద్దంలోంచి ఆమె ఏదో చెప్పడం, బాసు తలాడించడం కనిపించాయి. రాజీనామా! అనుకున్నాడు.

మెట్ల దగ్గరికి వెళ్ళి డైరెక్టరుగారికి ఫోన్ చేశాడు.

“నిన్న అవుతుందన్నానండీ. అవ్వదు. ఒకవేళ చేసినా తర్వాత ఏది పాడైనా బాగుచెయ్యలేం.”

“ఇప్పుడా చెప్పేది?”

“నిన్ననే చెప్పాల్సింది. భయమేసింది.”

“ఇప్పుడు లేదా భయం?”

“ఇప్పుడు ఇంకా ఎక్కువుందండీ. మా దగ్గర అందరికీ కలిపి ఒక్కటే ఉంది. అది మాత్రం బాగా పనిచేస్తుంది.”

“ఆలోచించుకుంటాం,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

అతను తిరిగొచ్చేసరికి కత్తెర బాసు గదిలోంచి బయటికొస్తోంది. నవ్వుతోంది కూడా.

“మీ మాట నిలబెట్టానండీ! బాసు ఇంకో ఇద్దరిని పనిలోకి తీసుకుంటున్నారు. టెస్టింగుకి నేనే కూర్చుంటాను. నెలాఖరుకి చచ్చీచెడీ అయ్యేట్టుంది.”

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

“అవ్వదని చెప్పేశాను.”

“ఎవరికి?”

“ఆవిడకి. ఇప్పుడే.”

“పిచ్చా నీకు?” ఆమె గొంతు లేచింది, మర్యాద జారిపోయింది. “ఇన్నాళ్ళూ రాని మాట ఇవాళే వచ్చిందా?”

“నువ్వు వెళ్ళిపోతావని భయమేసింది!” అతనూ అరిచాడు. టీమంతా తలలెత్తి చూసింది. ఇంక వెనక్కి తగ్గడానికి లేదు. “నువ్వంటే నాకిష్టం. టీము ఏమైపోతుందో తెలీదు, నువ్వేమంటావో తెలీదు. నిన్నటి నుంచి ఊపిరాడ్డం లేదు నాకు.”

ఆమె అతని పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మరి నా ప్లాన్‌ని నేనే ముక్కలు చేసుకున్నది ఎవరి కోసమనుకున్నావ్?” అంది మెల్లగా.

ఆ సంతోషం కాసేపే. డైరెక్టరు దగ్గర్నుంచి ఫోను లేదు. బాసు తథాస్తుతో మాట్లాడటం మానేశాడు. మూల అమ్మాయి తన సొరుగు సర్దుకోవడం మొదలుపెట్టింది. అది చూసి అతను తల ఎత్తలేకపోయాడు. కత్తెర మాత్రం అతని పక్క కుర్చీలోంచి కదల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. బాసు స్పీకర్ నొక్కాడు.

“ఒక్క బ్రాంచిలో మీది ఉన్నదున్నట్టు పెట్టి చూస్తాం,” అంది డైరెక్టరు. “బాగుంటే మిగతా బ్రాంచిల పద్ధతే మారుస్తాం. కాకపోతే లేదు.”

గెలుపని చెప్పలేం కానీ, ఇప్పుడప్పుడే ఎవరినీ ఇంటికి పంపక్కర్లేదు. మూల అమ్మాయి సొరుగులోవన్నీ మళ్ళీ బల్ల మీద పెట్టుకుంది.

కత్తెర పెద్ద కంపెనీకి రానని చెప్పేసింది. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. పక్కనే తథాస్తు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

“అమ్మా, ఇక్కడే ఉండిపోతున్నాను.”

“ఉద్యోగం నచ్చిందా?”

“ఉద్యోగం సంగతి ఇంకా చెప్పలేనమ్మా.”

అవతల నవ్వు వినిపించింది.

“రోజూ ఫోన్లో నువ్వు గంటసేపు తిట్టిపోసేది ఆ అబ్బాయినేగా? పక్కనే ఉంటాడు, నాకు తెలుసు. ఏదీ, అతనికివ్వు.”

ఆమె ఫోన్ చాపింది. అతను గభాలున లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకుని, రెండు చేతులతో అందుకున్నాడు.

“నమస్కారం అత్తయ్యగారూ,” అన్నాడు, ఎవరూ ఏమీ అడక్కుండానే.