అండ్రీస్ పెదనాన్న ఆఖరి పీపా

చీకటి పడ్డాక మా పెదనాన్న వైన్ పీపాల కొట్టు ముందునుంచి ఈ ఊళ్ళో ఎవరూ నడవరు. నేనూ నడవను. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, అది వేరే సంగతి. గోధుమ చేను చుట్టూ తిరిగి, కాళ్ళకి ముళ్ళు గుచ్చుకుంటూ, అంత దూరం నడిచి మరీ ఇంటికి పోతాను. నడక ఒంటికి మంచిది.

కొట్టు కొండ అంచున ఉంటుంది. సగం నేల పైన, సగం నేల లోపల. పెదనాన్న పోయింది అందులోనే. మార్చిలో, ద్రాక్ష కోత అయిపోయాక, తన పీపా పక్కన డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు... కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కూతురు మగ్రీటా కాఫీ పట్టుకెళ్ళేసరికి ఒంటిమీద కోటు ఉంది, నెత్తిన టోపీ ఉంది, నోట్లో ఆరిపోయిన పైపు ఉంది. ప్రాణం మాత్రం లేదు.

ఆయన చెయ్యి గురించి ముందే చెప్పాలి. తోటలో కొమ్మ తప్పుగా కత్తిరించామా, రెండు పడేవి. ఈ చెంప మీద ఒకటి, ఆ చెంప మీద ఒకటి. "ఒకటి తప్పుకి, రెండోది గుర్తుండటానికి" అనేవాడు. పిల్లలని లేదు, పెళ్ళయినవాళ్ళని లేదు. నేను ఆ చేతికింద పని నేర్చుకున్నవాణ్ణే. నాకు అన్నీ గుర్తున్నాయి!

మాది భూగోళానికి కింది సగం, చలికాలం జూన్ నుంచి ఆగస్టు దాకా; ఆ చలికాలమంతా కొట్టులో ఏ చప్పుడూ లేదు. సెప్టెంబర్ వచ్చి ఎండ కాస్త ముదిరిందో లేదో... లోపల ఎవరో గొణగడం మొదలుపెట్టారు.

"గుబ... గుబ... గుబ... ఉస్స్..."

చర్చి నుంచి వస్తున్న ఆడవాళ్ళు మొదట విన్నారు. పళ్ళు లేని నోటితో ఎవరో తిడుతున్నట్టుందట. పెదనాన్నకి పళ్ళు లేవు. తిట్లకి మాత్రం కొదవ లేదు. ఇంకేం కావాలి? ఆ రాత్రికే ఊరంతా పాకిపోయింది — ముసలాయన వచ్చాడు, అల్లుడి మీద మండిపడుతున్నాడు అని.

అల్లుడంటే జెఫ్తా బావ. మగ్రీటా అక్క మొగుడు. సముద్రం ఒడ్డు నుంచి వచ్చాడు, పడవ మీద పుట్టి పెరిగిన మనిషి. చేపని వాసన చూసి ఏ తీరంలో పడిందో చెప్పగలడు. ద్రాక్ష మొక్కని చూపిస్తే పొయ్యిలోకి బాగుంటుందంటాడు.

మా తోట స్టీన్ అనే తెల్ల ద్రాక్ష. పెదనాన్న వాళ్ళ నాన్న నాటినది. పందిరి లేదు, నీళ్ళు పెట్టం. మోకాలెత్తు మొద్దులు, వంకర్లు తిరిగి, నేలమీద గొంతుక్కూర్చున్న ముసలాళ్ళలా ఉంటాయి. కాపు తక్కువ. కాసిన నాలుగు గుత్తులతోనే పెదనాన్న వైన్ చేసేవాడు. తెల్లగా, చక్కెర చుక్క మిగలకుండా పులిసి, డ్రైగా తేలేది. ఒక గుటక వేస్తే మళ్ళీ మాట్లాడటానికి కాస్త టైం పట్టేది.

"ఆ మొద్దులు పీకి పారేసి ఆలివ్ పెడదాం" అన్నాడు బావ, మామగారి సమాధి మీద మట్టి ఆరకముందే.

"ముందు నన్ను పీకు" అంది అక్క.

ఆ గొడవ మధ్యలోకి పెదనాన్న చేసిన ఆఖరి పీపా వచ్చింది. పెదనాన్న పోయాక వచ్చిన చలికే అందులో వైన్ పులియడం సగంలో ఆగిపోయింది. రుచి చూస్తే నాలుకకి అంటుకునే తీపి. బావకి అదే సాకు. "చూశావా, మీ నాన్నతోపాటే తోట కూడా పోయింది" అన్నాడు. అక్క ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, పందెం వేసింది.

"మొద్దులకి కొత్త చిగురు వచ్చేలోపు ఈ పీపా డ్రై అయితే తోట జోలికి రాకు. తీపిగానే ఉంటే నీ ఇష్టం, ట్రాక్టర్ తెచ్చుకో."

ఆదివారం భోజనం బల్ల దగ్గర చేతిలో చెయ్యి వేసుకున్నారు. సాక్షిని నేనే, నోటినిండా మాంసంతో.

సెప్టెంబర్‌లో మొగ్గలు ఉబ్బాయి. రేపో మాపో పగులుతాయి. ఆదివారం మధ్యాహ్నం అందరి ముందూ రుచి చూడాలని ఖాయమైంది. ఇక శనివారం సాయంత్రం జరిగింది వినండి. బావ నోటితో చెప్పిందే చెబుతున్నాను, ఒక్క ముక్క కలపలేదు. రెండు కలిపానేమో.

అక్క చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్ళింది. ఊరంతా కరెంటు పోయింది. బావకి ఆత్రం ఆగలేదు. రేపటిదాకా ఎందుకు, ఇవాళే ఓ జగ్గు తీసుకుని తీపి తగ్గలేదని చూసుకుంటే హాయిగా నిద్రపోవచ్చు కదా అనుకున్నాడు. కొవ్వొత్తి ఒక చేత్తో, జగ్గు ఒక చేత్తో కొండ అంచుకి బయల్దేరాడు.

తలుపు తోశాడు, లోపలికెళ్ళి కాలితో మూశాడు. మెట్లు దిగాడు.

"గుబ... గుబ..."

ఆగిపోయాడు. కప్పలేమో అనుకున్నాడు. సముద్రంలో తుఫానులు చూసినవాణ్ణి, కప్పలకి భయపడతానా అనుకున్నాడట. జగ్గు నింపుదామని కొవ్వొత్తి నేలమీద పెట్టాడు.

ఆరిపోయింది.

గాలి లేదు. తలుపు మూసే ఉంది. అగ్గిపుల్ల గీసి మళ్ళీ వెలిగించి, మళ్ళీ నేలమీద పెట్టాడు... ఎవరో వంగి ఊదినట్టు మళ్ళీ ఆరిపోయింది.

ఈసారి వెలిగించి ఎత్తి పట్టుకున్నాడు. ఎత్తగానే మంట నిలబడింది. ఆ వెలుగులో ఎదురుగా —

కూర్చుని ఉన్నాడు. పెదనాన్న. అదే కోటు. అదే టోపీ, కళ్ళమీదికి దించి. పొట్ట మునుపటికంటే పెరిగింది. తల వంచుకుని గొణుగుతున్నాడు.

"గుబ... గుబ... ఉస్స్..."

బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. కాళ్ళు కదలలేదు. నోరు మాత్రం, పాపం, తనంతట తనే వాగడం మొదలుపెట్టింది.

"మామయ్యా... మీరేనా?"

"గుబ."

"బాగున్నారా?" పోయినవాణ్ణి ఎవరైనా బాగున్నారా అని అడుగుతారా! మా బావ అడిగాడు.

"గుబ గుబ గుబ..."

"నేనింకా ఏం పీకలేదు మామయ్యా... ఊరికే మాటవరసకి అన్నాను. ట్రాక్టర్ కూడా నాది కాదు..."

గొణుగుడు హెచ్చింది. ముసలాయన ఏదో చెబుతున్నాడు, తనకే అర్థం కావట్లేదు. వినకపోతే ఇంకా కోపం వస్తుందేమోనని భయం. ప్రభువా, నువ్వే దిక్కు అనుకుని, మెల్లగా దగ్గరికి జరిగాడు... వంగాడు... చెవి టోపీ దాకా తెచ్చాడు.

"ఏమన్నారు మామయ్యా? పీకొద్దంటారా?"

గొణుగుడు ఆగింది.

ఒక్క క్షణం... ఏ చప్పుడూ లేదు.

ఠాప్!

చెంప పేలిపోయింది. టోపీ ఎగిరి పైకప్పుకి కొట్టుకుంది. ముఖమంతా చల్లగా తడి. కొవ్వొత్తి ఎక్కడో పడింది. ఆ తర్వాత చిమ్మచీకట్లో ఏం జరిగిందో తనకి తెలీదట. మెట్లెక్కినట్టు కూడా గుర్తు లేదట.

నాకు గుర్తుంది. నేను మా ఇంట్లో రొట్టె తింటున్నాను. తలుపు బద్దలయ్యేలా తోసుకుని వచ్చి బల్ల కింద దూరాడు. రెండు చేతులూ రెండు చెంపలకి అదుముకుని ఉన్నాయి.

"కొట్టాడు" అన్నాడు.

"ఎవరు బావా?"

"మీ పెదనాన్న. కొట్టాడు. నేను పీకను. చెప్పు ఆయనకి, నేను పీకనని చెప్పు!"

"నేనెందుకు చెప్తాను? నువ్వే వెళ్ళి చెప్పు" అన్నాను. నాకేం పని చెప్పండి ఆ కొట్టులో.

మర్నాడు ఆదివారం. అక్క తనే వెళ్ళి పీపా నుంచి జగ్గు నింపుకొచ్చింది. బల్ల చుట్టూ కూర్చున్నాం. బావ చెంపలు రెండూ వాచి, కళ్ళు చిన్నవైపోయి, చూడటానికి పొంగిన రొట్టెలా ఉన్నాడు.

"తాగక్కర్లేదు. తోట ఉంటుంది" అన్నాడు ముందే.

"పందెం పందెమే" అంది అక్క. గ్లాసుల్లో పోసింది.

తాగాను. తీపి లేదు. ఎంత వెతికినా లేదు. ఎండిన బండమీద తొలి వాన పడ్డప్పటి వాసన. ఆ వెనకే పచ్చి ఆపిల్ కొరికినట్టు చురుకు, చివర్న చిటికెడు ఉప్పు. గుటక దిగాక కూడా నోరు దాన్ని వదల్లేదు. నాకు కళ్ళు తడిశాయి, చెప్పుకోవడానికి సిగ్గులేదు. ఇది పెదనాన్న చెయ్యే.

బావ కూడా తాగాడు. తర్వాత గ్లాసు చాపాడు. "ఇంకొంచెం పొయ్యి." తాగి, లేచి, పార భుజాన వేసుకుని, పాత మొద్దుల మధ్య కలుపు తీయడానికి పోయాడు. ఆదివారం పూట! పాస్టర్ చూస్తే ఏమనుకునేవాడో.

అతను వెళ్ళాక అక్క వంటింట్లో ఒకటే నవ్వు. పళ్ళేలు కడుగుతూ, పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒరే ఫ్లోరిస్, ఎవరికీ చెప్పకు. ఆ కోటు తొడిగింది నేనే."

"ఎవరికి?"

"పీపాకి రా! చలికి ఆగిపోయిన పీపాని వెచ్చగా ఉంచితే మళ్ళీ కదులుతుందని నాన్న అనేవాడు కదా. ఇంట్లో దుప్పట్లు తీస్తే మీ బావ పసిగడతాడు. నాన్న కోటు అక్కడే మేకుకి వేలాడుతోంది. తొడిగేశాను. బిరడా మీద టోపీ పెట్టాను..." కాస్త ఆగింది. "అలా పెడితే, ఆయన ఇంకా ఉన్నట్టే ఉండేది."

"మరి ఆ గొణుగుడు?"

"బుద్ధిలేనివాడా! పుట్టినప్పటినుంచీ ఈ తోటలోనే ఉన్నావు, పులుస్తున్న పీపా చప్పుడు తెలీదా?"

"మార్చిలో అయితే తెలుసు. సెప్టెంబర్‌లో పీపా మాట్లాడుతుందని ఎవడనుకుంటాడు?"

కొవ్వొత్తిదీ అంతే. వైన్ పులిసేటప్పుడు వచ్చే గాలి బరువు, నేలనంటి ఉంటుంది, మంటని బతకనివ్వదు. ఇది మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. భయం వేస్తే తెలిసింది ముందు పారిపోతుంది. ఇక బిరడా అక్కే సుత్తితో గట్టిగా బిగించింది. లోపల గాలి పెరిగి పెరిగి, సరిగ్గా బావ చెవి పెట్టిన వేళకి ఎగిరింది.

"బావకి చెప్పెయ్ అక్కా, పాపం."

"చచ్చినా చెప్పను. పెళ్ళాం మాట వినని మొగుడు దెయ్యం మాట విన్నాడు. అదే చాలు" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూ కిటికీలోంచి చూశాను. బావ ఎండలో పార మీద ఆనుకుని నిలబడ్డాడు. ఎడమ చెంప మీద బిరడా అంత గుండ్రటి బొప్పి, కమిలి నల్లగా. తర్వాత ఇటు తిరిగాడు. కుడి చెంప కనిపించింది.

నా నవ్వు ఆగిపోయింది.

"అక్కా... పీపాకి బిరడాలు ఎన్ని?"

"ఒకటేగా."

"మరి ఆ రెండో చెంప?"

అక్క చేతిలోని పళ్ళెం తుడవడం ఆపింది. నా పక్కకి వచ్చి నిలబడి, తనూ చూసింది.

"పరుగులో తలుపుకి కొట్టుకుని ఉంటాడు" అన్నాను.

"తలుపుకి ఐదు వేళ్ళుంటాయా, ఫ్లోరిస్?" అంది చాలా మెల్లగా.

"నువ్వేమైనా..."

"నేను చర్చిలో ఉన్నాను. పాస్టర్ పక్కనే."

జగ్గులో వైన్ మిగిలి ఉంది, ఎవరం ముట్టుకోలేదు.

"ఒకటి తప్పుకి..." అంది అక్క.

రెండోది ఎందుకో నేను అనలేదు. నా చెంపలు రెండూ ఓసారి తడుముకుని, టోపీ పెట్టుకుని, గోధుమ చేను చుట్టూ తిరిగి ఇంటికి పోయాను. పట్టపగలే.