సేత్తూరు సొరంగంలో నిట్టూర్పు

సేత్తూరు దారిలో, కొండ మొదట్లో ఉండే ఆ సొరంగం దగ్గరికొస్తే ఇప్పటికీ బైకులు స్పీడెక్కుతాయి. పెద్దరాజావారు అక్కడ బంగారం దొరుకుతుందని తవ్వించినాడంట. ఒకరోజు ఉన్నట్టుండి రాళ్ళు పేర్చి మూయించేసినాడంట. లోపలికి పోయినవాళ్ళంతా బయటికొచ్చినారా అని ఎవరైనా అడిగితే, చూపు నేలమీదికి దిగిపోయేదంట.

అట్లాంటి చోటు మనవడు శివసుబ్రహ్మణ్య రాజా చేతికొస్తే ఊరికే ఉంటాడా? నూలు మిల్లు డల్లయినాక బండ్ల కంపెనీ పెట్టినాడు. నేల కింద రాగి, జింకు గనుల్లో రాయి మోసే బండి. డీజిల్ బండైతే గనిలో పొగ కమ్మి మనుషులకి ఉక్కిరిబిక్కిరి. ఇది హైడ్రోజన్ గ్యాసుతో తనకు కావలసిన కరెంటు తానే పుట్టించుకొని నడుస్తుంది. పొగ రాదు, వెనక గొట్టంలోంచి నీళ్ళు కారతాయి, అంతే. ఆ నీళ్ళు తాగొచ్చని కలర్ నోటీసుల్లో వేయించినాడు. తాను మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్న బాటిలే తాగేవాడు.

బండిని నడిపి చూసేదానికి రాళ్ళు తీయించి సొరంగం తెరిపించినాడు. అప్పుడు మొదలయింది...

నిట్టూర్పు.

బండి ఆపి దిగితే — చీకట్లో ఎక్కడో ఒక ఆడమనిషి "హుస్స్..." అని ఊపిరి విడిచినట్టు. గోడమీది గ్యాసు గంట దానంతట అదే మోగేది. వాసన లేదు, పొగ లేదు, మనిషి లేడు. డ్రైవరు పొన్‌రాజ్ ఒకసారి ఓర్చుకున్నాడు. ఇంకోసారి బండిని లోపలే వదిలి, పరుగెత్తి తళవాయిపురం బస్సెక్కేసినాడు.

బండి తయారుచేసిన ఇంజనీరు నివేదిత నమ్మలేదు.

"సార్, గంట మోగితే గ్యాసు లీకవుతా ఉండాదని అర్థం."

"గ్యాసు కాదమ్మా, దోషం," అన్నాడు రాజా. "వయరు పీకించేసినాను. ఇప్పుడు మోగుతుందా, చూడు."

"ఫ్యానైనా వేయించండి సార్."

"పొగే రాని బండికి ఫ్యానెందుకని కొనేవాళ్ళు అడిగితే ఏం చెప్పేది?"

పైపు జాయింటు మార్చమని పర్చేస్ వాళ్ళని అడిగింది. చూస్తామన్నారు. చూస్తా ఉండినారు.

ఇంతలో ఒక గని కంపెనీవాళ్ళు బండిని చూసేదానికి వస్తామన్నారు. రాజా మంసాపురం నుంచి అళగర్సామిని పిలిపించినాడు — ఉడుక్కె అనే చిన్న డమరుకం వాయించి దెయ్యాల్ని పలికించే కోడంగి. పొద్దుగూకినాక సొరంగం వాకిట్లో పూజ. ఆ సంగతి నివేదితకు ఎవరూ చెప్పలేదు.

ఆమె అప్పటికే లోపల ఉండాది.

తలమీద టోపీలైటు, చేతిలో సోపునీళ్ళ బాటిలు. ఆమె దెయ్యాన్ని నమ్మలేదు గానీ, కాళ్ళు మాత్రం నమ్మినట్టుండాయి. ఒక్కో అడుగు తనను తానే అడిగి వేస్తా ఉండాయి.

హుస్స్...

ఆ ఊపిరి బండి వెనకనుంచి వస్తా ఉండాది. వంగి, జాయింటు మీద సోపునీళ్ళు పోసింది.

బుడగలు లేచినాయి. చిన్నవి... పెద్దవి... ఆగకుండా.

దెయ్యం దొరికింది! వాల్వు గట్టిగా మూసి, నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళు లీకైన గ్యాసంతా ఏమయింది? ఫ్యాను లేదు, పోయేదానికి దారి లేదు... ఇంకా ఈ చీకట్లోనే ఉండాది.

అప్పుడే వినబడింది ఉడుక్కె.

తిరిగి చూసింది. సొరంగం వాకిట్లో జనం. తట్టలో కుప్పగా కర్పూరం. కోడంగి చేతిలో అగ్గిపెట్టె.

ఉరికింది. రాయి తగిలి బోర్లా పడింది. టోపీ ఎగిరిపోయి లైటు ఆరిపోయింది. పడినచోటినుంచే గొంతు చించుకొని అరిచింది —

"వెలిగించొద్దు...!"

సొరంగం ఆ కేకను పట్టుకొని, లావుచేసి, పదిమంది గొంతులు చేసి బయటికి విసిరింది.

ఉడుక్కె ఆగింది. అగ్గిపెట్టె కిందపడింది.

"పలికింది..." అని గొణిగినాడు అళగర్సామి. "ఎవరు తల్లీ నువ్వు? ఏం కావాలె నీకు?"

నేను నివేదిత, ఇంజనీరు అని చెప్పేదానికి నోరు తెరిచింది. ఆ పేరుతో ఇన్నాళ్ళు అడిగితే ఏం దొరికిందో గుర్తొచ్చింది.

"నిప్పు... వద్దు... గంట మోగాలె... ఫ్యాను తిరగాలె... పైపుకి కొత్త జాయింటు... కావాలె!"

ఇంత టెక్నికల్‌గా అడిగే దెయ్యాన్ని అళగర్సామి పుట్టినప్పటినుంచి చూడలేదు. తట్ట వదిలి పరుగెత్తినాడు. వెనకే జనమంతా. రాజా ఒక్కడే కదలకుండా, లోపలికి చూస్తా నిలబడినాడు...

ఉన్నట్టుండి ఆయనా కెవ్వుమని, ఒక చెప్పు వదిలేసి పరుగో పరుగు.

గనివాళ్ళను ఒక వారం ఆగమన్నాడు. ఆ వారంలో గంట మోగింది, ఫ్యాన్లు తిరిగినాయి. పర్చేస్ వాళ్ళు తామే మదురైకి పోయి జాయింటు కొనుక్కొచ్చినారు. ఎదురు ప్రశ్న లేదు. వచ్చినవాళ్ళు చూసి, ఇంత జాగ్రత్త ఎక్కడా చూడలేదని బండ్లకు ఆర్డరిచ్చి పోయినారు.

నివేదిత మనసు మాత్రం నిలవలేదు. రాజా గదికి పోయింది.

"సార్... ఆ పొద్దు లోపల మాట్లాడింది నేనే."

రాజా పకపక నవ్వినాడు. "వింటానే తెలిసిందమ్మా. దెయ్యం జాయింటు అడుగుతుందా? నువ్వడిగితే కదలనివాళ్ళు అదడిగితే కదిలినారు. అందుకే గమ్మునుండినాను."

ఆమెకూ నవ్వొచ్చింది. "మరి సొరంగం కడాన, గ్యాసు పోయేదానికి కొండపైనుంచి బోరు వేయించిన ఐడియా ఎవరిది సార్? అక్కడ కప్పులో పెద్ద గూడుండాది. గ్యాసంతా దాంట్లోనే చేరి ఉండింది. నా లెక్కకే అందలేదు."

రాజా నవ్వు ఆగిపోయింది.

"అది కూడా నేనే అడిగినానని... ఒక్క మాట చెప్పేయి పాపా."

"నేను అడగలేదు సార్. ఏమని వినబడింది?"

ఆయన తలుపు మూసి ఉండాదా అని చూసుకున్నాడు. గుసగుసగా అన్నాడు —

"'కడాన కప్పుకి కన్నం పెట్టు... ఊపిరాడలేదు...' మగ గొంతు. లోపల్నుంచి కాదమ్మా... నా చెవి పక్కన."