ఖాదర్‌బాషా నల్ల చేతులు

రోషన్ బీ మెట్లెక్కి వచ్చిన వేగానికి మాట రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, "సార్, మా ఆయన్ని స్టేషన్లో కూర్చోబెట్టారు. దొంగంటున్నారు" అని మాత్రం అనగలిగింది.

తిరువూరు బస్టాండు ఎదుట మేడగదికి 'దేవానందం, ప్రైవేటు డిటెక్టివ్' అనే బోర్డు వేలాడదీసి మూడేళ్లయింది. 1976 నాటికి కూడా దాన్ని చూసి నవ్వనివాళ్లు ఊళ్లో తక్కువే. అంతకు ముందు పన్నెండేళ్లు ఆయన బెజవాడలో ఒక బీమా కంపెనీ తరఫున మోటారు ప్రమాదాలు పరిశీలించేవాడు. దెబ్బతిన్న బండిని చూసి, దాన్ని నడిపినవాడు చెప్పేది ఎంతవరకు నిజమో తేల్చేవాడు. ఈ సంగతి ఊరు పట్టించుకోకపోయినా ఆయన సహాయకుడు శాంతయ్య పట్టించుకున్నాడు. రిటైరైన పోస్టుమాస్టరు, దేవానందం కంటే వయసులో పెద్ద. అయినా "మా గురువుగారు" అంటూ నోట్‌బుక్కు పట్టుకుని వెంట తిరిగేవాడు.

మంచినీళ్లు తాగాక రోషన్ బీ సంగతంతా చెప్పింది.

ఆమె భర్త ఖాదర్‌బాషాకు సొంత అంబాసిడర్ టాక్సీ ఉంది. ఆ పొద్దున మాణిక్యమ్మగారిని రెడ్డిగూడెంలోని తోట ఇంటికి తీసుకెళ్లాడు. చనిపోయిన భర్త మామిడితోటను ఆమె పేర రాసిన విల్లు ఆ ఇంటి పెట్టెలో ఉంది. మరిది ఆదిశేషయ్య ఆ తోట తనదని దావా వేశాడు. మర్నాడు పదింటికి బెజవాడ కోర్టులో అసలు విల్లు చూపించకపోతే తోట పోయినట్టే. విల్లు తీసుకుని తిరిగి వస్తుంటే ఎ.కొండూరు దాటాక ముందు చక్రం గుంటలో పడింది. చక్రం మార్చుకుని బయల్దేరబోతూ చూస్తే సంచిలో విల్లు లేదు.

"కావాలనే గుంటలో దింపాడంటున్నారు సార్! కొత్త టైరు కోసం మూడు నెలలు తిరిగాడు. అది దొరికిన రోజు ఇంట్లో సేమ్యా వండించాడు. అలాంటి మనిషి చేతులారా పాడుచేసుకుంటాడా?"

"ఎస్సైగారు ఏమన్నారమ్మా?"

"ఆరింటిదాకా చూసి కేసు రాసేస్తానన్నారు. ఒకసారి జైలుకెళ్లొచ్చిన వాడి కారు ఎవరెక్కుతారు సార్?"

దేవానందం గడియారం చూశాడు. మూడు కావస్తోంది. ఇంకేమీ అడక్కుండా చెప్పులు వేసుకున్నాడు.

స్టేషను ఆవరణలో అంబాసిడర్ నిలబెట్టి ఉంది. వరండా బెంచీ మీద మాణిక్యమ్మ తెల్లటి గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి, పిల్లలు లేరు. ఒట్టి తమలపాకు నములుతూ ముఖం చిట్లించింది. పక్కన నిలబడ్డ పాతికేళ్ల యువకుడు ఆమె మేనల్లుడు సుందరరావు. ముదురు నీలం టెరికాటన్ చొక్కా, గుండీలు పెట్టిన పొడుగు చేతులు. కాస్త దూరంగా ప్లీడరు గుమాస్తా హనుమయ్య గోడకానుకుని చెమటలు తుడుచుకుంటున్నాడు. పొద్దున కారులో వెళ్లినవాళ్లు వీళ్లు ముగ్గురే.

"అక్కడికక్కడే అందరూ ఒకరినొకరు సోదా చేసుకున్నారు. ఇక్కడికొచ్చాక నేనూ చేశా. సీట్ల కింద కూడా వెతికించా" అన్నాడు ఎస్సై. "ఖాదర్‌బాషా చక్రం మార్చాక చేతులు కడుక్కోవాలని కాలవ దగ్గరికెళ్లాడు. ఆదిశేషయ్య మనిషి ఎవడో అక్కడ కాసుకుని ఉంటాడు. వాడి చేతికిచ్చేశాడు. మీకింకా అనుమానమేంటండీ?"

"అనుమానం లేకపోతే రోషన్ బీ నా మెట్లెక్కేది కాదు సార్" అన్నాడు దేవానందం. "ఆరింటిదాకా టైముంది కదా."

ముందు మాణిక్యమ్మను ఒంటరిగా పక్కకి పిలిచి పలకరించాడు.

"కారు ఆగినప్పుడు సంచి ఎక్కడుందమ్మా?"

"వెనక సీటు మీద పెట్టేసి నేను చెట్టు నీడకెళ్లానండి. ఎండ మండిపోతోంది."

"విల్లు లేదని ఎప్పుడు చూసుకున్నారు?"

"కారెక్కి ఆకులు తీద్దామని చెయ్యి పెడితే కాయితం తగల్లేదు. గుండె ఆగినంత పనైంది." ఆమె నమిలిన ఆకు పక్కకి ఉమ్మేసింది. "ఈ రోజు లేచిన వేళే బాగాలేదు. సున్నం డబ్బీ కూడా ఇంట్లోనే మర్చిపోయా. పొద్దుట్నుంచీ ఒట్టి ఆకే నములుతున్నా."

దేవానందం సంచి తీసుకుని లోపలా బయటా తిప్పి చూశాడు. ఉతికి ఆరేసినంత తెల్లగా ఉంది. శాంతయ్య అది కూడా రాసుకున్నాడు, ఎందుకో తెలియకపోయినా.

హనుమయ్య వంతు వచ్చేసరికి అతను పైపంచె మూట దగ్గరికి లాక్కున్నాడు.

"చక్రం మారుస్తున్నప్పుడు మీరెక్కడున్నారు?"

"రోడ్డు పక్క తోటలోకి... ఊరికే వెళ్లానండి."

"ఊరికేనా?"

హనుమయ్య తలవంచుకుని పైపంచె మూట విప్పాడు. అందులో రాలిన రసాలు నాలుగున్నాయి. "తోటవాళ్లు చూస్తే పరువు పోతుందని చెప్పలేదండి" అన్నాడు ఏడుపు గొంతుతో. సోదాలోనే వాటిని చూసిన ఎస్సై మీసాల చాటున నవ్వు ఆపుకున్నాడు.

సుందరరావు మాత్రం అడక్కముందే చెప్పాడు. "నేను కారు దగ్గరే నిలబడ్డానండి. డ్రైవరు మీద నాకు కోపం లేదు. పాపం, పెళ్లాం పిల్లలున్నవాడు. ఎస్సైగారూ, మీరు కారు వదిలేస్తే ఆ పాడైన చక్రం నేనే రిపేరుకి తీసుకెళ్తా."

"పొద్దుట్నుంచీ ఇదే మాట" అన్నాడు ఎస్సై. "మంచి మనసు."

"మీ కుడి చేతి కఫ్ మీద ఆ తెలుపేంటండీ?" అన్నాడు దేవానందం, ఏదో ఊసుపోక అడిగినట్టు.

సుందరరావు చూసుకుని దులుపుకున్నాడు. "సున్నమండి. దార్లో అత్తయ్యకి ఆకులు చుట్టిచ్చా."

లోపల ఖాదర్‌బాషా నేలమీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి ఆ పూటలోనే ముసలివాడైపోయినట్టున్నాడు.

"అల్లా మీద ఒట్టు సార్, నేను ముట్టుకోలేదు. నిన్నటి వానకి గుంటనిండా నీళ్లున్నాయి, రోడ్డులాగే కనపడింది. దిగేదాకా తెలీలేదు. రిమ్ము అంచు వంగి టైరు పక్కకి లేచిపోయింది. కారు ఆగీ ఆగగానే జాకీ పెట్టా. స్టెప్నీ బిగించేదాకా తల ఎత్తలేదు."

"పాత చక్రాన్ని డిక్కీలో ఎవరు పెట్టారు?"

"కాలవ నుంచి వచ్చేసరికి సుందరరావుగారే పెట్టేశారు సార్. బురద చక్రం మీకెందుకు బాబూ అన్నా కూడా."

"ఆ చక్రంలో ట్యూబు ఎప్పుడు వేయించావు?"

"నాలుగు రోజులైంది సార్. హుస్సేన్ వేశాడు."

దేవానందం లేచి నిలబడ్డాడు. "శాంతయ్యగారూ, పంక్చర్ల హుస్సేన్‌ని పనిముట్లతో సహా పిలుచుకు రండి. సైకిలు తొక్కడం కాదు, ఎగరాలి."

ఐదుంపావుకి అందరూ కారు చుట్టూ చేరారు. హుస్సేన్ టైరు విప్పే ఇనప పట్టీలు పరిచాడు. రోషన్ బీ గేటు ఊచలు గట్టిగా పట్టుకుని నిలబడింది. ఎస్సై గడియారం చూసుకుంటున్నాడు. దేవానందం గొంతు సవరించుకున్నాడు.

"ముందు ఖాదర్‌బాషా సంగతి. చక్రం విప్పినవాడి చేతులు ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు. కారు ఆగినప్పటి నుంచి కాలవకు వెళ్లేదాకా అతని చేతులు గ్రీజుతో నల్లగా ఉన్నాయి. కడుక్కుని వచ్చేసరికి అమ్మగారు కారెక్కేశారు. మరి ఈ సంచి చూడండి. ఒక్క నల్ల మరకైనా ఉందా?"

ఎస్సై సంచి అందుకుని తిప్పి చూశాడు.

"హనుమయ్యగారు దొంగిలించినవి మామిడిపళ్లు మాత్రమే. విల్లు బయటికి పోలేదు, మనుషుల దగ్గరా లేదు. అలాంటప్పుడు సోదాలో ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఏది? హుస్సేన్, కొత్త ట్యూబు టైరులో పెట్టేముందు దానికి ఏం రాస్తావు?"

"తెల్లపొడి సార్. రాయకపోతే ట్యూబు టైరుకి అంటుకుపోద్ది."

"టైరు పక్కకి లేచిన సందులో ఎవరైనా చెయ్యి పెడితే?"

"మణికట్టుదాకా తెల్లగా అయిపోద్ది సార్."

సుందరరావు కుడి చెయ్యి వెనక్కి పోయింది. అది చూడనివాళ్లు ఎవరూ లేరు.

"గుంట నీళ్లలో చేతులు కడుక్కున్నారు గానీ కఫ్ మర్చిపోయారు బాబూ. అది సున్నమన్నారు. మీ అత్తయ్యగారు ఈ రోజు సున్నం డబ్బీయే తెచ్చుకోలేదు. ఆ చక్రం రిపేరు మీద మీకంత తొందర ఎందుకో ఇప్పుడు చూద్దాం. ఎస్సైగారూ, అది ఖాదర్‌బాషా చక్రం. అతన్నే విప్పనివ్వండి."

ఖాదర్‌బాషా వచ్చాడు. డిక్కీలోంచి చక్రాన్ని దించి, వంగిన రిమ్ము దగ్గర పట్టీ దూర్చి కాలితో తొక్కాడు. టైరు ఊడింది. చేతులకు మళ్లీ నలుపంటింది. దెబ్బతిన్న ట్యూబు పక్కన, మడతలు పెట్టిన స్టాంపు కాయితం తెల్లపొడిలో కనిపించింది. రోషన్ బీ గేటు దగ్గరే కూలబడి ఏడ్చేసింది. శాంతయ్య నోట్‌బుక్కు మూసి కళ్లు తుడుచుకున్నాడు.

సుందరరావు మోకాళ్ల మీద పడ్డాడు. "ఆదిశేషయ్యగారు వాళ్లమ్మాయిని ఇస్తానన్నారత్తయ్యా. తోట తన చేతికి రాకపోతే సంబంధం లేదన్నారు."

"నాకెవరున్నార్రా? ఆ తోట నా తర్వాత నీకే రాద్దామనుకున్నా" అంది మాణిక్యమ్మ. అతన్ని లోపలికి తీసుకుపోతుంటే మళ్లీ అటు చూడలేదు.

ఖాదర్‌బాషా దగ్గరికి వెళ్లడానికి ఆమెకు కాళ్లు రాలేదు. చివరికి అతనే మాట్లాడాడు.

"ఎనిమిదేళ్లుగా మిమ్మల్ని తిప్పుతున్నానమ్మా. తీశావా అని మీరొక్కమాట నన్నడగలేదు. పోలీసులకే చెప్పారు."

"తప్పు చేశా ఖాదరూ." ఆమె విల్లును సంచిలో పెట్టి అతని ముందుకు చాపింది. "రేపు కోర్టుదాకా ఇది నీ దగ్గరే ఉండనియ్యి."

"చేతులు కడుక్కొచ్చి తీసుకుంటానమ్మా."

"అక్కర్లేదు. ఇలాగే తీసుకో."

అతను రెండు చేతులా అందుకున్నాడు. "ఐదింటికల్లా తయారుగా ఉండండి. రోడ్డంతా గుంటలు, నిదానంగా పోవాలి."

మర్నాడు కోర్టులో విల్లు బయటికి తీస్తూ, సంచి మీద ఈ మరకలేంటని ప్లీడరుగారు అడిగారు. నల్లటి పది వేళ్ల గుర్తులు.

"మా డ్రైవరు చేతి గుర్తులండి. ఉండనివ్వండి" అంది మాణిక్యమ్మ.