చెల్లని ఓట్ల మీద ఎరుపు

గడువు ముగిసేలోగా కావలసిన పనులు: కోదాడ కోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఏ ఓట్లను ఎందుకు తప్పుగా తీసేశారో అందులో చెప్పాలి. అంతకుముందు, అబద్ధమాడుతున్నది ఎవరో తేల్చాలి.

ఈ చివరి పని డిటెక్టివ్ ధనలక్ష్మిది. అనంతగిరి దగ్గరి పల్లెలో సర్పంచ్‌గా నిలబడి, కొద్ది తేడాతో ఓడిపోయిన గొర్రెల కాపరి బుచ్చమ్మ సూర్యాపేటలోని ఆమె ఆఫీసుకు వచ్చింది. వెంట తమ్ముడు సుధాకర్. మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఉద్యోగం. లెక్కింపులో అక్కకు ఏజెంటు అతనే.

“నా ఓట్లు శానా చెల్లవన్నరు మేడమ్. మళ్లీ లెక్కపెట్టుమని తమ్ముడు కాయితం రాసిస్తే ఆఫీసర్ తీసుకోలేదంట. కోర్టన్నా పెట్టిస్తదా?”

“ఉత్త అనుమానానికి పెట్టియ్యదు. ఫలితం చెప్పకముందు రాసిచ్చి అడిగితే ఆఫీసరే సూసేటోడు. చెప్పినంక ఆయన చేతిల లేదు. ఓటు రహస్యం గదా, గట్టి కారణం సూపితేనే కోర్టు పెట్టెలు తెరిపిస్తది. సుధాకర్, ఎందుకు చెల్లవన్నరు?”

“తెల్వదు మేడమ్. నన్ను దగ్గరికే రానియ్యలే.” అతను తల ఎత్తలేదు.

పల్లెకు పోయి అడిగితే, గెలిచిన తులసీరాం ఆ మాటకు నవ్వాడు. “ఎర్ర మరకలున్నయని ఒక్కొక్కటి అందరికీ సూపెట్టిండ్రు. సుధాకర్ నా పక్కనే ఉండె. ఏమన్నా అడిగిండా? నోరే తెరవలే!”

“ఓడినోళ్లు ఏదోటి అంటరు, గెలిచినోళ్లూ అంటరు మేడమ్,” అన్నాడు ధనలక్ష్మి సహాయకుడు శ్రీహరి.

“ఎరుపు మాత్రం అబద్ధమాడదు,” అంటూ ధనలక్ష్మి గొర్రెల దొడ్డికి నడిచింది. గొర్రెల వీపులన్నిటి మీదా వెలిసిన జాజు గుర్తులు, ఎర్రమట్టి రంగుతో ఇంటికొక తీరు.

“ఓటు రోజు పొద్దుగాల పూసిండ్రమ్మా,” అన్నాడు కాపలా ఉన్న సోమన్న. “అన్ని మందలు నాకొక్కనికే ఒప్పజెప్పి అందరు ఓటుకు ఉరికిండ్రు. కలిసిపోతయని సుధాకరే రంగు తెచ్చి పూయమన్నడు. సదువుకున్నోని తెలివి!”

సాయంత్రం బుచ్చమ్మ వాకిట్లో అందరినీ కూర్చోబెట్టింది ధనలక్ష్మి.

“కాపరులంతా చేతులకు జాజుతోనే పోయి బుచ్చమ్మకు ఓటేసిండ్రు. మరకను గుర్తనుకుని ఆఫీసర్ తీసేసిండు. అంతమందికి ఒకటే ఎరుపైతే, అది ఎవరి ఓటో ఎట్ల తెలుస్తది? ఓటరును గుర్తుపట్టిస్తేనే చెల్లదు. గదే మన కారణం. కాని ఆ మరకలు సూడంగనే ఒకరికి సంగతి అర్థమైంది. రంగు తెచ్చింది తనే. అడిగితే బయటపడతదని కాయితం రాయలేదు. ఫలితం చెప్పేదాకా ఊకున్నడు.”

సుధాకర్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. “మంచికనే చేసిన అక్కా. నా మూలంగ ఓడినవని ఊరికి ఎట్ల చెప్పాలె?”

బుచ్చమ్మ అతని చేతులు పక్కకు తీసింది. “మందలు కలిస్తే ఏరుకుంటుంటిమి గదరా. నోరెందుకు మూసుకున్నవ్?”

“రాసిచ్చిన్నని పిటిషన్‌లో పెడితే ఆ ఒక్క అబద్ధంతోనే కేసు ఖతం,” అంది ధనలక్ష్మి. “అడగలేదని నువ్వే ప్రమాణం చేసి రాయాలె. ఊరంతా సదువుతది.”

“రాస్త మేడమ్.”

మరునాడు కోదాడ కోర్టులో అఫిడవిట్‌ను అందరి ముందు గట్టిగా చదివి సంతకం పెట్టాడు. తులసీరాం మనుషులు నవ్వుతూనే ఉన్నారు. జడ్జి పెట్టెలు తెరిపిస్తారో లేదో ఎవరికీ తెలియదు. పాఠకులారా, ఆ కేసు ఎటు తేలినా, ఆ నవ్వుల మధ్య తన తప్పును తానే చదివి వినిపించిన సుధాకర్‌ను గుర్తుంచుకోండి.