బానెట్ మీద చెయ్యి

సుజన నాలుక కొస బయటపెట్టి, పాత ఫొటోను కత్తెరతో నిలువునా కోసేసింది. చార్టు మీద గీసిన గడిలో అది పట్టలేదు మరి! రేపు బడిలో 'మా షోరూం చరిత్ర' చెప్పాలి.

ఫొటోలో ఒక జీపు. ఒక పక్క తాత, ఇంకో పక్క తలపాగా చుట్టుకున్న ఎవరో మనిషి. ఆ మనిషి పోయాడు. జీపు, తాత మిగిలారు. ఆ మనిషి ఉన్న ముక్క మీద జిగురు పిండుకుని, వేలితో అద్దుకుంటూ జీపు ఫొటోనూ, దాని పక్కన కొత్త కార్ల బొమ్మలనూ చార్టు మీద అతికించింది. ముక్కను ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేసింది.

బడి వదిలాక సుజనకు తోడు షోరూంలోని మూడు కార్లే. కొనేవాళ్లు అశ్వారావుపేట దాటి ఖమ్మం పోతున్నారు. వాళ్లను వెతుక్కుంటూ నాన్న కూడా పోతున్నాడు. సుజన ఒక్కో కారులో కూర్చుని, అద్దంలో తనతో తనే మాట్లాడుకునేది. ఆ అద్దంలో పిల్లకి కూడా విసుగొచ్చి మొహం తిప్పుకునేదంటే నమ్మండి!

తాత వెంకటరామారావు కునుకు తీస్తూనే కోతలు కోసేవాడు. ఆ రోజూ అంతే.

"మన మొదటి జీపు హారన్ కొడితే పామాయిల్ గెలలు వాటంతటవే రాలిపడేవే! పులి పక్కకు జరిగి సలాం కొట్టేది."

"ఏ చేత్తో తాతా?"

"కుడిచేత్తోనే! మర్యాద తెలిసిన పులి."

అప్పుడే ఒక ముసలామె తలుపు తోసుకుని వచ్చింది. పేరు రూప్లి. భద్రాచలం దారిలోని తండా నుంచి ఏటా ఒకసారి వచ్చి, గోడ మీది ఫొటో చూసుకుని పోతుంది. ఎప్పుడూ సుజన బడిలో ఉండే వేళకే వచ్చేది. ఈసారి బస్సు ఆలస్యమైంది.

గోడకు ఉత్త మేకు ఉంది.

"ఫొటో ఏది బిడ్డా?"

సుజన గర్వంగా చార్టు చూపింది. రూప్లి వంగి చూసింది. జీపు బానెట్ మీద మణికట్టు దాకా ఒక చెయ్యి. దాని వెనక మనిషి లేడు. రూప్లి ఆ చేతిని వేలితో నిమిరింది.

"ఇది మా ఆయన చెయ్యే. మిగతా మనిషేడి?"

సుజన చెత్తబుట్ట వైపు చూసింది.

తాత నిద్ర ఎగిరిపోయింది. "అయ్యో తల్లీ! మన దగ్గర మొదటి బండి కొన్నది ఆయనే. జబ్బు చేసినవాళ్లను అందులో దవాఖానాకు చేర్చేవాడు. ఆ జీపు తిరగడం చూసే జనం మన గడప తొక్కారు. ఆయన పోయాక ఈమెకు మిగిలింది ఈ ఒక్క ఫొటోనే."

సుజన చెత్తబుట్టను నేల మీద బోర్లించింది. ముక్క దొరికింది. తడిగుడ్డతో మెల్లగా విప్పింది. మొహం బాగానే ఉంది కానీ, ఒక చెవి జిగురుతో పాటు ఊడిపోయింది.

"చెవి పోయింది అవ్వా..." సుజన కళ్లలో నీళ్లు.

"పోనియ్ బిడ్డా. ఆ చెవితోని నా మాట ఎన్నడు విన్నడు గనుక!" అని రూప్లి నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సుజన కొత్త కార్ల బొమ్మలన్నీ పీకేసింది. ఆ చోట ముక్కను బానెట్ మీది చేతికి కలిపి అతికించింది. తర్వాత స్టూలు లాక్కొచ్చి రూప్లి పక్కన వేసుకుంది.

"ఆయన పేరేంటి అవ్వా? జీపు నడపడం ఎవరు నేర్పారు?"

"తుల్సీరాం. ఎవలు నేర్పలే, ఆయనే నేర్చుకున్నడు. ఆయన గురించి ఎవలన్న అడిగి శాన దినాలైంది బిడ్డా..."

"అసలు ఆ రోజు ఏం జరిగిందంటే..." అని తాత అందుకోబోయాడు.

సుజన పెన్సిల్ ఎత్తి ఆపింది.

"ఉండు తాతా. అవ్వ చెప్తోంది."